నలభై పీపాలు

మూడు దాటి నాలుగు నిమిషాలు. కరెంటు పోయి పావుగంట. సొంత దీవి నికుబారా నుంచి ఫోను ఇంకా రాలేదు. దేశమంతా కలిసి ఎంత డీజిల్ కాలుస్తోందో, ఎంత పొగ వదులుతోందో, ఆ కాల్చినదానికి తగ్గ సంపాదన ఉందో లేదో లెక్క తీసే ఆఫీసు ఇది, ఇందులోనే పంకా తిరగదు, ఎవరితో చెప్పుకోవాలి. చెమటకి తెరెరే చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎదురుగా బల్ల మీద ఫోను, పెన్ను, సవరణ పత్రం. ఆ పత్రంలో దీవి పేరు రాసేసింది, పాత అంకె నలభై అని రాసేసింది, కొత్త అంకె రాయాల్సిన గడి ఖాళీగా ఉంది, దాని కింద ఇంకో రెండు చిన్న గడులు, ఒకటి చెప్పినవారి తప్పు, రెండోది రాసినవారి తప్పు, ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి, మొదటిదానికైతే దీవి పెద్దలు ఫోనులో ఒప్పుకోవాలి. నాలుగింటికి పక్క గదిలో డైరెక్టర్ రూబెన్ గారు పట్టిక మూసేసి ఫిజీలోని పెద్దాఫీసుకి పంపించేస్తారు. మూసిన పట్టిక మళ్ళీ మూడేళ్ళకి గానీ తెరుచుకోదు. మూడేళ్ళు. ఆ పట్టికని బట్టే యంత్రాలు ఇస్తారు, ఎండతో నడిచి ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే యంత్రాలు, నికుబారా ఉన్న గుంపులో ఎనిమిది దీవులకి కలిపి రెండే రెండు, తలసరి ఇంధనం ఎవరు తక్కువ వాడితే వాళ్ళకి ముందు. నికుబారాలో మూడువందల పన్నెండు మంది. నెలకి నలభై పీపాలు, పీపాకి రెండువందల లీటర్లు, మనిషికి పాతిక లీటర్ల పైమాటే. ఈ లెక్కన నికుబారా ఎనిమిది దీవుల్లో వాడకంలో పైనుంచి రెండోది. బావులన్నీ ఉప్పెక్కిపోయిన నికుబారా, పట్టికలో మాత్రం దర్జాగా కాళ్ళు చాపుకుని కూర్చుంది.

నలభై కాదు, నాలుగు. దీవి మండలి కొట్టం వెనక, చేమ గుంటల పక్కన, నాలుగు పీపాలు వరసగా నిలబడి ఉండటం నాలుగు నెలల కిందట లెక్కకి వెళ్ళినప్పుడు తెరెరే కళ్ళారా చూసింది, నెల సరుకంతా అదే, ఆస్పత్రి ఫ్రిజ్జుకీ, బడి జనరేటరుకీ, పడవలకీ. పొద్దున నాలుగు చూసి మధ్యాహ్నం నలభై రాసింది. ఎందుకు రాశావే అంటే ఏం చెప్పాలి, అడిగింది మనేబాలో కదా. ఊరందరూ కూర్చునే ఆ మొగలాకుల కప్పు కింద ప్రతి ఇంటికీ ఒక చోటుంటుంది, ఆ చోటుకి ఒక పెద్ద ఉంటాడు, ఆయన నోట ఏం వస్తే అదే ఆ ఇంటి మాట, ఆడవాళ్ళు వెనక కూర్చుని వింటారు. ఆ వారం పక్క దీవి తబొనూకు వాళ్ళు పాటల పోటీకి వచ్చి ఉన్నారు, చుట్టాలే, కానీ ఏ పోటీలోనూ మనల్ని గెలవనివ్వని చుట్టాలు. మా దీవిలో నెలకి ముప్పై పీపాలు కాలతాయి అని వాళ్ళ పెద్ద ఎవరూ అడక్కుండానే అప్పటికే అనేసి ఉన్నాడు. అదీ అబద్ధమే అయి ఉండాలి, దేవుడికి తెలుసు. తెరెరే సంచీలోంచి కాగితం తీసి, తల వంచుకుని, మోకాళ్ళ మీద ముందుకి జరిగి, మన దీవికి నెలకి ఎన్ని పీపాలు పడతాయని అడిగింది. దీవికి పెద్ద అయిన పెదనాన్న బైతెకే అప్పుడు తన వైపు చూడనేలేదు.

“ఎన్నేంటే, మనమేమన్నా చీకట్లో బతుకుతున్నామా?” అన్నాడు తబొనూకు వాళ్ళ మీద నుంచి చూపు తిప్పకుండా. “నలభై. రాసుకో తల్లీ, నలభై.”

మనేబా మనేబా అంతా మూడు చప్పట్లు కొట్టింది, అందరి చేతులూ ఒక్కసారే కలిసేలా. ఎవరైనా ఏదైనా ఇస్తే పుచ్చుకున్నాం అని చెప్పడానికి కొట్టే చప్పట్లు అవి, పందిపిల్లని ఇచ్చినా అంతే, చాప ఇచ్చినా అంతే. దేశానికి పెదనాన్న నలభై పీపాలు దానం చేసినట్టే అయింది ఆ రోజు. తబొనూకు పెద్ద మొహం చూడాలి, కొబ్బరి కల్లు పులిసిపోయినట్టు. తెరెరే నవ్వు ఆపుకోలేకపోయింది, నవ్వుతూనే రాసింది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు గానీ తనకి తెలుసు, నవ్వుతూ రాసింది, పెన్ను నొక్కి మరీ రాసింది, వెనక పేజీ మీద కూడా నలభై అచ్చు పడింది. గర్వంగా అనిపించింది. నాన్న బతికుంటే ఆ చోట్లో కూర్చుని తనూ చప్పట్లు కొట్టేవాడు. ఇంధనం తక్కువ వాడేవాళ్ళకే నీళ్ళ యంత్రమని అప్పుడెవరికి తెలుసు, ఆ కబురొచ్చింది పోయిన వారం. అడుక్కునేవాడిలా కనపడితేనే పెడతారని తెలిస్తే పెదనాన్న ఏమనేవాడు? ఏమీ అనేవాడు కాదేమో. అప్పుడూ నలభై అనేవాడేమో. అదీ భయం.

మూడూ పన్నెండు. పక్క గదిలో డైరెక్టర్ గారు దగ్గారు. ల్యాప్‌టాప్‌లో ఇంకా బ్యాటరీ ఉన్నట్టుంది, టకటకా అంకెలు కొడుతున్నారు. మంచివాడే రూబెన్ గారు. తెరెరే కొత్తగా చేరిన నెలలో ప్రపంచ దేశాల పొగ పట్టిక చేతికిచ్చి, మన దేశాన్ని వెతికి చూపించు అన్నారు. వెతికింది. దేశం పేరు ఎదురుగా సున్నా చుక్క సున్నా. పసిఫిక్ సముద్రంలో ముప్పై చిల్లర దీవులు, లక్ష పైచిలుకు మనుషులు, ఓడలు, జనరేటర్లు, మోటారు పడవలు, చర్చిలో మైకులు, అన్నీ కలిపి ఒక్క చుక్క తర్వాత సున్నా. సున్నా ఎలా అవుతాం సార్, ఉన్నాం కదా అంది ఏడుపు గొంతుతో. ఉన్నామమ్మా, పట్టిక కింద చిన్నక్షరాల్లో ఉన్నాం, కళ్ళజోడు పెట్టుకుంటే కనపడతాం అని నవ్వారాయన. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు మీద కోపం వస్తోంది. లీటరు డీజిల్ కాలితే రెండు కిలోల ఏడువందల గ్రాములు పొగ. ఆ నాలుగు పీపాల లీటర్లని రెండు కిలోల ఏడువందలతో హెచ్చిస్తే ఎంతొస్తుందో తెరెరేకి నోటికి వచ్చు, అమెరికాలో ఒక వీధి ఒక వారంలో వదిలేంత కూడా ఉండదు. అయినా సముద్రం వచ్చేది మాత్రం నాన్న సమాధి దాకా వచ్చింది. పోయినసారి వెళ్ళినప్పుడు సమాధి చుట్టూ పెట్టిన గవ్వలు సగం లేవు. అమ్మ మళ్ళీ పేర్చింది. మళ్ళీ తీసుకుపోయింది. ఎవరి మీద అరవాలి, ఎవరి అంకెల మీద? ఓడలు తెచ్చిన సరుకు ఒక లెక్క, దీవులు వాడామని చెప్పింది ఒక లెక్క, ఆ రెండూ ఏ ఏడాదీ కలిసి చావవు, మిగిలినదంతా ‘కుదరని తేడా’ అన్న వరసలో పోస్తారు. దేశంలో పెద్దలందరూ మనేబాల్లో చెప్పిన గొప్పలన్నీ ఆ ఒక్క వరసలో చేరతాయి. పెదనాన్న ముప్పై ఆరు పీపాలు కూడా అక్కడే పడుకుని ఉన్నాయి. ఓడ సరుకు లెక్క ఎనిమిది దీవులకీ కలిపే ఉంటుంది గనక ఎవరిది ఎంత అబద్ధమో తేలదు, దీవి మండలి ముద్ర వేసిన కాగితమే చెల్లుతుంది, ఆ ముద్ర తెరెరే రాసిన నలభై మీదే ఉంది.

ఫోను మోగలేదు. మోగిందనుకుని చెయ్యి పెట్టింది, కాదు, బయట చర్చి గంట, అది కూడా కాదు, ఎవరో గ్యాస్ సిలిండర్ మీద రాయితో కొడుతున్నారు. నోరు ఎండిపోయింది. బల్ల కింద సీసాలో సగం నీళ్ళున్నాయి, తాగబుద్ధి కాలేదు. మొన్న అమ్మ ఫోనులో మాట్లాడింది నాలుగు మాటలే, తోరోమన్ పక్కనే నిలబడి ఉన్నాడు గనక, మండలి గుమస్తా, ఉన్న ఒక్క ఉపగ్రహ ఫోనూ అతని చేతిలోనే ఉంటుంది. బావి నీళ్ళతో టీ పెడితే పాలు విరిగిపోతున్నాయే అంది. సీమపనస చెట్లు ఆకు రాల్చేశాయంది. చేమ గుంటల్లో దుంప మెత్తబడిపోయి కంపు కొడుతోందంది. తర్వాత కాసేపాగి, చెల్లి కూతురికి విరేచనాలు తగ్గడం లేదు, కొబ్బరి బోండాం నీళ్ళు పడుతున్నాం, ఎన్ని చెట్లవి దింపుతాం అంది. చెల్లి కూతురికి ఇంకా ఇరవై నెలలే. పెద్దమ్మా అనడం రాదు, ‘ఎమ్మా’ అంటుంది, తెరెరే మోకాలి మీద ఎక్కి సంచీ మీద ముద్రించిన దేశపు చిహ్నాన్ని గోకుతుంది, అందులోని పక్షి బొమ్మ ఊడి చేతికొస్తుందని. వాన పడి ఏడు నెలలు. ఏడు నెలలంటే ఆ పిల్ల బతుకులో మూడో వంతుకి ఎక్కువ. ఛీ, దీన్ని కూడా భాగహారం చేస్తున్నానా అనుకుంది తెరెరే, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

మూడూ ఇరవై ఆరుకి ఫోను మోగింది. తోరోమన్. ఆయాసపడుతున్నాడు.

“పెద్దలు మండలి ఆఫీసుకి రారట తెరెరే. ఫోనే మనేబాకి తెమ్మన్నారు. సైకిలు మీద పోతున్నా.”

“ఎంతసేపు పడుతుంది?”

“గాలి ఎదురుగా ఉంది. పావుగంట.”

“తోరోమన్, పెద్దలకి అంతా చెప్పావా? నేను నీకు చెప్పిందంతా? పత్రం సంగతి, నాలుగింటి సంగతి?”

“అంతా చెప్పా. రెండు గడుల సంగతీ చెప్పా, ఎరితాయ్ సంగతీ చెప్పా. నేను దేన్నీ దాచుకునేవాణ్ణి కాదుగా.” లైను తెగిపోయింది.

ఎరితాయ్ సంగతి ఎందుకు చెప్పాడు వీడు. పొద్దున మాటల్లో తెరెరేయే అనేసింది, భయంలో ఏదో ఒకటి వాగుతూ. ఎరితాయ్ నిరుటి దాకా ఈ పక్క బల్ల దగ్గరే కూర్చునేవాడు. కిరోసిన్ లెక్కలో లీటర్లని పీపాలుగా రాశాడు, ఫిజీ నుంచి ఉత్తరం వచ్చింది, ఒక చిన్న దేశం ఇంత కిరోసిన్ ఏం చేసుకుంటోంది, ఈతకొలను నింపుకుంటోందా అని కొంచెం ఎకసెక్కంగానే రాశారు. రూబెన్ గారు నవ్వలేదు అప్పుడు. ఇక నుంచి రాసినవారి తప్పు అని తేలితే, రాసినవాళ్ళు సంచీ దించి ఉద్యోగం వదిలి వెళ్ళిపోవాలి అన్నారు అందరినీ నిలబెట్టి. ఎరితాయ్ సంచీ ఆ రోజే గోడ మేకుకి తగిలించారు. ఇంకా అక్కడే ఉంది, కాన్వాసు సంచీ, తెరెరే దగ్గరున్నలాంటిదే. తన సంచీతో మొదటిసారి దీవికి వెళ్ళిన రోజు నాన్న రేవుకి వచ్చాడు, దించుకోనివ్వలేదు, ఊరంతా తిప్పాడు, కూతురు ప్రభుత్వం సంచీ వేసుకుంది చూడండర్రా అని, నికుబారాలో ఇంతవరకూ ఎవరి భుజానా లేదు చూడండర్రా అని. సిగ్గేసింది అప్పుడు. ఇప్పుడు ఆ సంచీ కుర్చీకి వేలాడుతూ మోకాలికి తగులుతోంది. రెండో గడి వైపు చూడకూడదు అనుకుంది. పొద్దున్నించీ చూడలేదు. తప్పు చెప్పింది వాళ్ళు, ఒప్పుకోవాల్సింది వాళ్ళు, ఒక్క ముక్క అంటే చాలు, మేం పొరపాటుగా చెప్పాం అని, ఆకాశం విరిగి పడుతుందా, తబొనూకు వాళ్ళు నవ్వుతారు, నవ్వనీ, నవ్వితే నీళ్ళు ఉప్పెక్కుతాయా. ఒప్పుకోండి. ఒక్కసారి. మనేబాలో అన్నమాట వెనక్కి తీసుకున్నవాణ్ణి తన ఎరుకలో చూడలేదు, వినలేదు. చిన్నప్పుడు ఒకాయన పాటల పందెంలో తన పడవ ఇస్తానన్నాడు, ఇచ్చేసి చేపలకి వెళ్ళడానికి పడవ లేక ఆ ఏడంతా చిక్కిపోయాడు, అందరూ మెచ్చుకున్నారు, తను కూడా మెచ్చుకుంది. ఆ ఊరి పిల్లే తనూ. నాలుగు చూసి నలభై రాసిన చెయ్యి ఎవరిది మరి?

మూడూ ముప్పై తొమ్మిది. లేచి నిలబడింది, కూర్చుంది. పెన్ను తీసి కొత్త అంకె గడిలో నాలుగు వెయ్యబోయి ఆగింది. ఏడవకూడదు, పక్క గదిలో వినపడుతుంది. రూబెన్ గారు తలుపు తీసి, “తెరెరే, నీ సవరణ ఏమన్నా ఉంటే ఐదు నిమిషాల ముందే ఇచ్చెయ్యమ్మా, నా బ్యాటరీ కూడా చావు కబురు చెప్తోంది” అని మళ్ళీ తలుపేసుకున్నారు.

మూడూ నలభై మూడు. ఫోను.

ముందు గాలి చప్పుడు, తర్వాత మనేబా చప్పుడు, ఆ చప్పుడు తెరెరేకి వేరే చెప్పనక్కర్లేదు, కప్పు ఎత్తుగా ఉండి అన్ని వైపులా తెరిచి ఉన్న చోట చాలామంది కదలకుండా కూర్చుంటే వచ్చే చప్పుడు. తర్వాత పెదనాన్న.

“వింటన్నావా తల్లీ? అందరం కూర్చున్నాం. మాట్లాడుకున్నాం.”

“వింటున్నా పెదనాన్నా.”

“మేం నలభై అన్నాం. తబొనూకు వాళ్ళ మొహమ్మీద అన్నాం. ఇప్పుడు కాదంటే మళ్ళీ వాళ్ళ ఎదట ఎట్టా కూర్చుంటామే?”

“నీళ్ళు పెదనాన్నా. నీళ్ళ కోసం. పిల్ల...”

“నీళ్ళ సంగతి నాకు చెప్తావా? పొద్దున్నించీ నేనూ గుటక వెయ్యలేదు.” గొంతు బొంగురుపోయి ఉంది, నిజంగానే. “ఆ కాగితంలో రాసినోళ్ళ తప్పుకి కూడా చోటుందటగా. సున్నా ఒకటి ఎక్కువ పడిందంటే సరిపోతుందటగా.”

తెరెరే తల తిప్పి ఎరితాయ్ సంచీ వైపు చూసింది.

“నన్ను పంపించేస్తారు పెదనాన్నా.”

అటువైపు ఎవరో దగ్గారు.

“తెలుసు. తోరోమన్ అదీ చెప్పాడు,” అన్నాడు పెదనాన్న. “అందుకే మనేబాలో అందర్నీ కూర్చోబెట్టి అడుగుతున్నా. చెయ్యమని చెప్పడం కాదు తల్లీ. అడుగుతున్నా.”

పెదనాన్న ఇంతవరకు ఎవరినీ ఏదీ అడగలేదు. నాన్న పోయినప్పుడు శవపేటికకి చెక్క తక్కువైతే తన పడవ పలకలే ఊడదీశాడు గానీ పక్కింటి వాకిలి తొక్కలేదు. ఇప్పుడు ఊరందరి ముందూ అడుగుతున్నాడు, తమ్ముడి కూతుర్ని, ఆడపిల్లని. కోపమొచ్చింది తెరెరేకి, ఒళ్ళు మండేంత కోపం, అరవాలనిపించింది, మీ పరువు దాచుకోవడానికి నా బతుకే దొరికిందా అని. నోరు తెరిచింది కూడా. కానీ నోట్లో ఉన్నది అది కాదు. నొక్కి రాసిన నలభై, వెనక పేజీ మీద పడిన అచ్చు, తబొనూకు పెద్ద మొహం చూసి తను నవ్విన నవ్వు, అవి ఉన్నాయి నోట్లో. రాసినవారి తప్పు. ఎవరు రాశారట మరి?

“నాలుగని రాస్తాను,” అంది.

“రాయి,” అన్నాడు పెదనాన్న.

“మూడు.”

ఆ గొంతు వెనక నుంచి వచ్చింది, ఆడవాళ్ళ వైపు నుంచి, అక్కడి నుంచి ఎప్పుడూ ఏ గొంతూ రాదు. అమ్మ.

“మూడే రాయవే,” అంది అమ్మ, ఫోను దూరంగా ఉంది గనక అరిచినట్టుగా. “నువ్వు చూసిన నాలుగోది డీజిల్ పీపా కాదు. వాననీళ్ళ కోసం మేం పెట్టుకున్న పీపా అది. అప్పుడే అందులో ఏం లేదు.”

నోరు ముయ్యమని ఎవరూ అనలేదు. పెదనాన్న కూడా అనలేదు. నాలుగు కూడా గొప్పే అన్నమాట. కళ్ళారా చూశానన్న తన లెక్క కూడా తప్పే.

కొత్త అంకె గడిలో మూడు వేసింది. కింద రెండో గడిలో టిక్కు పెట్టింది. పేరు రాయాల్సిన చోట పేరు రాసింది, తండ్రి పేరు రాయాల్సిన చోట నాన్న పేరు రాసింది.

“రాశావా?” అన్నాడు పెదనాన్న.

“రాశాను.”

“తప్పు ఎవరిదని?”

“నాదని.”

ఊఁ అన్నాడాయన. అప్పుడు ఫోనులోంచి, గాలి హోరు మీదుగా, మూడువందల పన్నెండు మందిలో లేవగలిగినవాళ్ళందరి చేతులూ ఒక్కసారే కలిసిన చప్పుడు వచ్చింది, ఒకటి, రెండు, మూడు, పుచ్చుకున్నామని. లైను తెగిపోయింది.

మూడూ యాభై ఒకటి. తెరెరే ఏడ్చింది, ఇక పక్క గదిలో వినపడితే ఏం. మొహం తుడుచుకుని, సీసాలో నీళ్ళు ఎరితాయ్ బల్ల మీది ఎండిపోయిన మొక్కకి పోసింది. కుర్చీకి వేలాడుతున్న సంచీలోంచి తన దువ్వెన, నాన్న ఫోటో తీసి జేబులో పెట్టుకుంది. ఒక చేతిలో పత్రం, ఇంకో చేతిలో సంచీ పట్టుకుని వెళ్ళి డైరెక్టర్ గారి తలుపు కొట్టింది.